లేని సమాధికి ఫోటో

"పేపర్లో సంపీసింది కదా, మళ్ళీ పేపర్లోనే లేపమను."

ఏసమ్మ ఆ మాట కోడలితో అనలేదు. వసారా గోడతో అంది. గోడ మీద మిషను వాళ్ళ క్యాలెండరు తప్ప ఇంకేమీ లేదు. ఆదివారం నుంచీ కోడలు క్యాథరిన్‌తో చెప్పవలసిందంతా ఆమె ఆ క్యాలెండరుతోనే చెబుతోంది.

"అత్తా, ఒక ముద్ద తిను. తినేసి తిట్టు." క్యాథరిన్ కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పొద్దున్న పెట్టిన చోడి అంబలి గిన్నెలో అలాగే తొరక కట్టి ఉంది.

"మొగుడు సచ్చినదానికి ఆకలేటి? పేపరోళ్ళు ఏటి రాసేరో అలగే ఉండాలి కదా," అంది ఏసమ్మ గోడతో.

ఎదురింటి సూర్యకాంతమ్మ గేటు దగ్గర ఆగి లోపలికి తొంగి చూసింది. క్యాథరిన్ చూపు తగలగానే, ఏదో పని గుర్తొచ్చినట్టు కదిలిపోయింది. పద్మపూర్లో ఆ వీధి వీధంతటికీ తెలిసిపోయింది. మొన్న ఆదివారం గుడిలో ఏసమ్మ భర్త, కంపౌండరు అమృతరావు పేరు చదవలేదు.

ప్రతి ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు గారు పేర్లు చదువుతారు. జబ్బుగా ఉన్నవారు, పరీక్షలు రాసేవారు, ప్రయాణంలో ఉన్నవారు. ప్రయాణంలో ఉన్నవారిలో మొదటి పేరు ఎప్పుడూ అమృతరావుదే. వంశధారకి పెద్ద వరద వచ్చిన ఏడాది మందుల సంచీ తగిలించుకుని, సైకిలు మీద అవతలి ఊళ్ళకి వెళ్ళాడు. సైకిలు ఏటి ఒడ్డున దొరికింది. చెట్టుకి ఆనించి ఉంది. తాళం వేసి ఉంది. మనిషి దొరకలేదు. శవమూ దొరకలేదు.

ఆయనకి సంతాప కూటం పెడదామని సంఘపెద్దలు వచ్చినప్పుడు, "సైకిలుకి తాళం ఏసుకుని ఎవులైనా సస్తారేటి?" అని ఏసమ్మ వాళ్ళని వీధిలోంచే పంపేసింది. అప్పటి నుంచీ ఆయన ప్రయాణంలోనే ఉన్నాడు. పాస్టర్లు మారారు. పరీక్షలు రాసిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆ పేరు మాత్రం కదలలేదు.

మొన్న ఆదివారం కదిలింది. ఏసమ్మ ఆరాధన అయ్యేదాకా ఆగి పాస్టరు గారిని నిలదీసింది. ఆయన తెల్లబోయాడు.

"అదేంటమ్మా, చీకట్లో జనంలో నేను చూడలేదు గాని, ఈస్టరు నాడు ఆయన సమాధి దగ్గర మీరే కొవ్వొత్తి వెలిగించి ఏడ్చారని పేపర్లో వచ్చింది కదా! మీ కోడలే రాసింది కదా! మీకు మనసు కుదుటపడిందనుకున్నాను."

ఏసమ్మ ఇంటికి వచ్చి వసారాలో కూర్చుంది. వంటింటి గడప మళ్ళీ తొక్కలేదు.

క్యాథరిన్ కంచం లోపల పెట్టి స్టవ్ దగ్గర నిలబడింది. స్టవ్ పక్కన, పోపుల పెట్టె మీద, ఛార్జింగుకి పెట్టిన ఫోను ఉంది. ఆమె ఆఫీసు అదే. ఆమె ఏ పేపరుకీ ఉద్యోగి కాదు. పార్వతీపురం డెస్కుకి తెలుగులో వార్తలు, రాయగడలో ఒక వెబ్ ఛానలుకి ఒడియాలో ముక్కలు, సంస్థలవాళ్ళ రిపోర్టులకి అనువాదం. ఎవరు అడిగితే వాళ్ళకి. మెడలో వేసుకోవడానికి ఒక కార్డు కూడా లేదు. పోలీసు స్టేషన్లో "నువ్వెవరమ్మా" అంటే చెప్పుకోవడానికి పాత వార్తల ఫోటోలు చూపించాలి.

కొండ ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. అందుకని ఆమె ఒక అలవాటు చేసుకుంది. వెళ్ళబోయే సభ వార్తని బస్సులోనే రాసేసి, సిగ్నల్ ఉన్న ఆఖరి మలుపులో పంపించేస్తుంది. సభ జరిగింది, పెద్దలు మాట్లాడారు, మొక్కలు నాటారు. ఏ సభయినా అంతే కదా. ఏదైనా తేడా వస్తే తిరుగు బస్సులో ఫోను చేసి మార్పిస్తుంది. ఆ అవసరం ఎప్పుడో గాని రాలేదు.

సమాధుల తోట కూడా కొండ మడతలో ఉంది. అక్కడా సిగ్నల్ ఉండదు. ఈస్టరు ముందు శనివారం మధ్యాహ్నమే ఆమె మర్నాటి తెల్లవారుజాము ఆరాధనని రాసేసింది. పూలు, పాటలు, సున్నం వేసిన సమాధులు, కొవ్వొత్తుల వెలుగు. డెస్కులో ఉండే ధనుంజయ్ వెంటనే ఫోను చేశాడు.

"ప్రతి ఏడూ ఇదే పంపుతావు. ఆఖర్న ఒక మనిషి కావాలి. పేరుతో. కళ్ళనీళ్ళుంటే ఇంకా మంచిది. ఐదు నిమిషాల్లో సోమవారం పేజీ వెళ్ళిపోద్ది."

కిటికీలోంచి చూస్తే, పెరట్లో ఏసమ్మ చాట మీద వంగి చింతపండు గింజ తీస్తోంది. ముఖం మీద ఎండ పడుతోంది. వాక్యం దానంతటదే వచ్చేసింది. 'భర్త అమృతరావు సమాధిపై కొవ్వొత్తి వెలిగించి, దాని మీద తల ఆనించి, తెల్లవారేదాకా మౌనంగా రోదించిన ఏసమ్మను చూసి పలువురు కంటతడి పెట్టారు.'

ఇంకెవరి పేరైనా రాయాలంటే అడగాలి. ఏసమ్మ ఇంటి మనిషి. అడిగే పని లేదు. పైగా చింతపండు తీసే ఆ మనిషి పేపరు చదవదు. అంతే అనుకుంది. పంపించేసింది.

ఒంటిపూట బడి కావడంతో, టీచరు ఉద్యోగం చేసే ఆమె భర్త సంజయ్ కుమార్ మధ్యాహ్నానికే వచ్చాడు. చెప్పులు విప్పుతూ తల్లిని చూశాడు. తల్లి గోడని చూస్తూనే ఉంది. అతను మెల్లగా వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంకా అక్కడే కూకుందా?"

"మీరు చెప్పండి. మీ మాట వింటది."

"నానేటి సెప్పను? నువ్వు రాసింది తప్పని సెప్పనా?"

"తప్పే కదా!"

సంజయ్ కుండలోంచి నీళ్ళు ముంచుకున్నాడు. తాగలేదు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవులో ఒకలు రాయాలి క్యాథీ. నాకు ధైర్నం సాల్లేదు. నువ్వు రాసీసినావు. ఇంక ఒగ్గీ. నాలుగు రోజులు ఏడుస్తాది. ఏడవనీ."

"మీ నాన్న గారు పోయారని మీకు ఎలా తెలుసు?"

"నీకెలా తెలిసింది మరి, రాసేటప్పుడు?"

క్యాథరిన్ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మామగారు లేడు. ఆయన ఆమెకి ఒక ఫోటో మాత్రమే. తెల్ల కోటు, చేతిలో మందు సీసా, కెమెరావైపు కాకుండా పక్కకి చూసే కళ్ళు. ఆ ఫోటోలో మనిషి ఎవరిని చూస్తున్నాడో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు.

"ఈస్టరుకి అందరూ వాళ్ళ నాన్న సమాధికి సున్నం ఏస్తారు," అన్నాడు సంజయ్. గొంతు తగ్గింది. "నాను మా మామ్మ సమాధికి ఏస్తాను. ఏసినంతసేపూ దాని పక్కన కాళీ జాగా నన్ను సూస్తున్నట్టుంటాది. అక్కడ ఏదో ఒకటి ఉంటే బాగుణ్ణు. ఒక రాయైనా."

"ఏటి ఆ గుసగుసలు?" వసారాలోంచి వచ్చింది. "నాను మొగుడు సచ్చినదాన్ని గాని సెవిటిదాన్ని కాను."

ఇద్దరూ బయటికి వచ్చారు.

"అమా, ఇప్పుడేటి సెయ్యమంటావు?" అన్నాడు సంజయ్.

"అక్కడికెళ్ళి ఆ కాళీ జాగా ఫోటో తియ్యమను. ఇక్కడ ఎవులూ లేరు, నాను రాసింది అబద్దం అని ఎయ్యమను. పాస్టరు గారికి అది సూపిస్తాను. వచ్చే ఆదివారం పేరు సదవాల."

"లేని సమాధికి ఫోటో ఏటే అమా? అందులో ఏటుంటాది? గడ్డి."

"గడ్డే సూపించమను."

సంజయ్ నవ్వబోయి ఆగిపోయాడు. తల్లి ముఖంలో నవ్వడానికి చోటు లేదు.

క్యాథరిన్ పెరట్లోకి వెళ్ళి ధనుంజయ్‌కి ఫోను చేసింది. అటువైపు కీబోర్డు టకటకమంటోంది.

"సవరణా? పిచ్చా నీకు? చచ్చాడో లేదో తెలియని మనిషికి సమాధి కట్టామని మనమే చెప్పుకోవాలా? పైన తెలిస్తే నీ పేరుతో ఇంకో ముక్క కూడా తీసుకోరు."

"రెండు లైన్లు చాలు సార్. లోపలి పేజీలో. ఏ మూలైనా పర్వాలేదు."

"ఆధారం కావాలి. స్థలం ఫోటో పంపు, చూస్తాను." టకటక ఆగింది. "ఆగాగు. ఆ వార్త గురించి ఆఫీసుకి ఒక ఫోను వచ్చింది. నీకు చెబుదామని మర్చిపోయాను."

"ఎవరు?"

"పేరు చెప్పలేదు. ముసలి గొంతు. వెనకాల ఏదో సంత గోల. జయపురం అవతల బొయిపరిగుడ నుంచి అన్నట్టు వినిపించింది. ఎండుచేపలు కట్టిచ్చిన కాగితంలో మన వార్త చూశాడట."

"ఏమడిగాడు?"

"సమాధి ఏ వరసలో ఉందని అడిగాడు. తల ఎటువైపు పెట్టారని అడిగాడు. నాకేం తెలుసు? పద్మపూర్ వెళ్ళి చూసుకో బాబూ అన్నాను."

క్యాథరిన్ ఫోను చెవికి ఆనించుకునే ఉండిపోయింది. అవతల పెట్టేసి చాలాసేపయింది. పెరట్లో ఎండ నిలువుగా కాస్తోంది. తీగ మీద ఆరేసిన అత్తగారి చీర, గాలి లేకుండానే, ఒకసారి కదిలి ఆగింది.

సమాధుల తోటకి ఆటోలో వెళుతూ ఆమె సవరణ రాయడం మొదలుపెట్టింది. వెళ్ళకముందే రాసుకోవడం అలవాటు కదా.

'ఈ నెలలో ప్రచురితమైన వార్తలో పేర్కొన్న అమృతరావు జీవించి ఉన్నారు.' చెరిపేసింది. జీవించి ఉన్నట్టు ఎవరు చూశారు? 'మరణించినట్టు ఆధారాలు లేవు.' అదీ చెరిపేసింది. ఆ మాట అత్తగారికి చదివి వినిపించే ధైర్యం లేదు. ఒక మనిషిని చంపడానికి ఐదు నిమిషాలు పట్టింది. తిరిగి లేపడానికి ఒక్క వాక్యం కుదరడం లేదు. కొండ మలుపు తిరగగానే ఫోనులో సిగ్నల్ గీతలు పోయాయి. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి, వార్త రాయకుండా వార్త దగ్గరికి వెళుతోంది.

సమాధుల తోటలో ఎవరూ లేరు. ఈస్టరు సున్నం ఇంకా కొత్తగా ఉంది. ఎండకి సమాధులన్నీ కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. బంతి దండలు నల్లబడి రాళ్ళకి అతుక్కుపోయాయి. కరిగిన మైనం మీద చీమలు చచ్చి ఉన్నాయి. గోడ అవతల జీడిమామిడి తోపు. అందులో ఒక్క పిట్ట కూడా కూయడం లేదు.

మామ్మగారి సమాధి తూర్పు వరసలో చివరిది. దాని పక్క జాగాలో ఏటా ఏసమ్మ స్వయంగా గడ్డి పీకుతుంది. ఇంకెవరికీ పోకుండా ఆ జాగాని కాపాడుకోవడమే తప్ప, అది ఎవరి కోసమో ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు.

క్యాథరిన్ ఫోను తీసి, కెమెరా తెరిచి, ఆ వరస చివరికి నడిచింది. తెరలో ముందు తెల్లగా మామ్మగారి సమాధి వచ్చింది. ఆమె ఫోను కొంచెం పక్కకి జరిపింది.

తెరలో ఇంకో తెల్లటిది వచ్చింది.

ఆమె ఫోను దించి కళ్ళతో చూసింది. ఎండ దెబ్బేమో అనుకుని మళ్ళీ చూసింది. కొండరాళ్ళు పేర్చి, మట్టితో మెత్తి, సున్నం పూసిన సమాధి. చేతివేళ్ళ గీతలు మట్టిలో ఇంకా కనిపిస్తున్నాయి. తలవైపు చెక్క సిలువ. సిలువ కింద నునుపు చేసిన పలక మీద నల్ల రంగుతో అక్షరాలు.

కంపౌండరు అమృతరావు. దాని కింద పుట్టిన తేదీ. దాని కింద 'మరణం' అని, ఆ తరవాత ఖాళీ.

సమాధి మీద ఒక కొవ్వొత్తి వెలిగి ఆరిపోయి ఉంది. సరిగ్గా ఆమె రాసిన చోటే.

ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. తను రాసిన వాక్యం తనకన్నా ముందు ఇక్కడికి నడిచి వచ్చి, మట్టి తవ్వుకుని, సున్నం పూసుకుని కూర్చున్నట్టుంది.

"ఎలగుంది తల్లీ? సరిపోనాదా?"

క్యాథరిన్ గొంతులోంచి కేక రాబోయింది. కాపలా లక్ష్మణుడు. గోడ నీడలో పడుకున్నవాడు లేచి తలపాగా చుట్టుకుంటూ వస్తున్నాడు. గోతులు తవ్వేదీ, సున్నం కలిపేదీ అతనే.

"ఇది... ఎవరు కట్టారు లక్ష్మణా? నువ్వేనా?"

"నానేటి? మీ వోళ్ళే పంపించేరు కదా ఆ ముసలాయన్ని? మీ వోళ్ళే అనుకుని నాను రాళ్ళు సూపించేను. సున్నం మిగిలిపోతే ఇచ్చేను."

"ఏ ముసలాయన?"

"మొన్న వచ్చేడు. గెడ్డం, బుజాన సంచీ. జయపురం బస్సు దిగి నడుసుకుని వచ్చినానన్నాడు. మాట సగం తెలుగు, సగం కొండోళ్ళ దేశియా. చేతిలో పేపరు ముక్కుంది. నూనె మరకలు. అమృతరావు సమాధి ఏదిరా అన్నాడు. లేదు బావూ అన్నాను. వరసలన్నీ తిరిగేడు. మళ్ళీ వచ్చి, పేపర్లో ఉంది కదా, ఇక్కడ లేదేటి అన్నాడు. నాకేటి తెలుస్తాది తల్లీ? నాకు సదువు రాదు. కాసేపు ఆ మామ్మ సమాధి మీద కూకున్నాడు. తరవాత లేసి రాళ్ళు మొయ్యడం మొదలెట్టేడు."

"నువ్వు అడగలేదా ఎవరని?"

"అడిగేను. పేపర్లో రాసిన ఆడమనిషి అబద్దాలకోరు అయిపోకూడదు కదా అన్నాడు. ఆ ఆడగుంట ఎవులో గాని, మంచిగా రాసింది అన్నాడు."

క్యాథరిన్ పలక మీదికి వంగింది. తన రాత బాగుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"ఈ రాతలు?"

"ఆయనే రాసేడు. డబ్బాలో అడుగున కొంచెం నల్ల రంగుంటే ఇచ్చేను. ఆ జాగా ఉండిపోనాది కదా, అది తేదీ అట. ఏటెయ్యాలో తెలుసుకుని మళ్ళీ వస్తానన్నాడు. ఎవుల్ని అడిగి తెలుసుకుంటావు బావూ అన్నాను." లక్ష్మణుడు తల గోక్కున్నాడు. "నవ్వేడు. అంతే. కొండ తోవన ఎలిపోనాడు."

అతను రంగు డబ్బా సర్దడానికి గోడ వైపు వెళ్ళాడు. క్యాథరిన్ అక్కడే నిలబడింది.

పుట్టిన తేదీ తను వార్తలో రాయలేదు. ఆ మనిషి బతికే ఉన్నాడు. ఆ మాట అత్తగారికి చెబితే ఎగిరి గంతేస్తుందా? బతికి ఉండి, పద్మపూర్ దాకా వచ్చి, ఇంటికి రాకుండా ఇక్కడికి వచ్చి తన సమాధి తనే కట్టుకున్నాడని చెబితే? అది చావు కబురు కన్నా తక్కువదా?

చెప్పకుండా ఉండడం తేలిక. రెండు గజాలు పక్కన బోలెడంత గడ్డి ఉంది. ఏ గడ్డయినా గడ్డే. ఫోటో తీసి పంపిస్తే రెండు లైన్లు వస్తాయి. ఆదివారం పేరు చదువుతారు. లక్ష్మణుడి చేత ఈ రాళ్ళు తీయించేస్తే ఎవరికీ తెలియదు. ఏసమ్మ వంటింట్లోకి వస్తుంది. అందరూ ఎప్పటిలా ఉంటారు.

ఆమె ఫోను ఎత్తి గడ్డి మీదికి తిప్పింది. తెర నిండా పచ్చగడ్డి, అక్కడక్కడ ఎండిన పోచలు. వేలు నొక్కబోయింది.

గడ్డి మీదికి ఒక నీడ వచ్చి ఆగింది.

"అక్కడ కాదు కదమ్మీ మన జాగా," అంది ఏసమ్మ.

నాలుగు రోజుల తరవాత ఆమె క్యాథరిన్‌తో సూటిగా అన్న మొదటి మాట అది. చెమటకి రవిక తడిసిపోయింది. రోడ్డు మీద ఆటో దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది. కోడలి ఫోటో మీద ఆమెకి నమ్మకం లేదు. తన కళ్ళతో ఖాళీ జాగా చూసుకోవడానికి వచ్చింది.

"అత్తా, ఆగు. ముందు నా మాట విను..."

ఏసమ్మ వినలేదు. కోడలి భుజం మీదుగా చూసేసింది. చూస్తూనే నడిచింది. సమాధి దగ్గర ఆగి, ముందు సిలువ వంక చూసింది, తరవాత అక్షరాల వంక. బైబిలు కూడబలుక్కుని చదివే మనిషి. కాని ఆమె పెదవులు కదలలేదు. వేలు కదిలింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి, గీత వెంట వెళ్ళింది. గీత మలుపు తిరగకముందే వేలు మలుపు తిరిగింది. మందు సీసాల మీద అంటించే చీటీల మీద ఎన్నేళ్ళు చూసిందో ఆ చేతి రాతని.

వేలు ఖాళీ దగ్గర ఆగింది.

అత్తగారి ఏడుపు కోసం క్యాథరిన్ ఎదురుచూసింది. కేక కోసం ఎదురుచూసింది.  లక్ష్మణుడు దూరంగా డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏటైనా తిన్నాడా?" అంది ఏసమ్మ, అతన్ని చూడకుండా.

లక్ష్మణుడు క్యాథరిన్ వంక చూశాడు. ఆమె తల ఊపింది.

"గెంజి ఇచ్చేను తల్లీ. తాగేడు. ఉప్పు అడిగేడు."

"వొళ్ళు ఎలగుంది?"

"గట్టిగానే ఉన్నాడు. ఆ రాళ్ళన్నీ ఒక్కడే మోసేడు."

"నన్నడిగేడా?"

లక్ష్మణుడు డబ్బా చేయి మార్చుకున్నాడు.

"నాను మొగమాటపడను లక్ష్మణుడా. సెప్పు."

"కొవ్వొత్తి వెలిగించిందట కదా ఆవిడ అన్నాడు తల్లీ. ఆవిడ ఏడిసిందట కదా అన్నాడు. అంతే. ఇల్లెక్కడా అని మాత్రం అడగలేదు."

"ఎందుకడుగుతాడు? ఇల్లు ఆయనకి తెల్దా? ఆయనే కట్టించేడు."

బొయిపరిగుడ సంత నుంచి వచ్చిన ఫోను, ఎండుచేపల కాగితం సంగతి క్యాథరిన్ చెప్పేసింది. ఏసమ్మ మామ్మగారి సమాధి అంచు మీద కూర్చుంది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. కొండ వైపు చూసింది. ఆ ముఖం చూస్తుంటే క్యాథరిన్‌కి భయం వేసింది. పెరట్లో చింతపండు గింజ తీసేటప్పుడు ఉండే ముఖమే అది. పనిలో ఉన్న మనిషి ముఖం.

"నది తీసుకుపోనాదేమో అని ఒక్కొక్క రోజు అనుకునేదాన్ని అమ్మీ," అంది నెమ్మదిగా. "ఆ రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు, ఆ మనిషికి పాపం సేసినట్టు. తెల్లారేక మళ్ళీ లేదు లేదు, వస్తాడు అనుకునేదాన్ని. ఆయన నీళ్ళలో లేడు. సంతలో ఎండుచేపలు కొనుక్కుంటున్నాడు."

"అత్తా, మనం వెతుకుదాం. ఆయన కొడుకుతో చెబుదాం. బొయిపరిగుడ ఎంత దూరం?"

"ఆయనకి పద్మపూర్ ఎంత దూరమో, మనకి బొయిపరిగుడ అంతే దూరం."

ఆమె లేచి లక్ష్మణుడి దగ్గరికి వెళ్ళి, డబ్బా, సన్న కుంచె తీసుకుంది. తెచ్చి క్యాథరిన్ చేతిలో పెట్టింది.

"రాయి."

"ఏం రాయమంటావు?"

"తేదీ. ఈ రోజుది."

"బతికున్న మనిషికి ఎలా రాయను అత్తా?"

ఏసమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే బాగుండుననిపించింది క్యాథరిన్‌కి.

"రాయగలవు అమ్మీ. ఒకసారి రాసినావు కదా."

క్యాథరిన్ పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కుంచె రంగులో ముంచింది. ఎన్ని వందల తేదీలు రాసి ఉంటుంది ఆమె, వార్తల్లో, ఊరూపేరూ తెలియని మనుషుల కోసం!  ఇప్పుడు కుంచె మొన ఖాళీ జాగాకి అంగుళం దూరంలో ఆగి, ఇంకా ముందుకి పోవడం లేదు. రాస్తే ఈ మనిషి తిరిగి రావడానికి దారి ఉండదు. రాయకపోతే ఈ ఆడమనిషి ఎదురుచూడ్డానికి అంతు ఉండదు.

గోడ అవతల, జీడిమామిడి తోపులో, ఎండుటాకులు నలిగాయి.

ఒక అడుగు. ఇంకో అడుగు. ఆగాయి.

లక్ష్మణుడు తల ఎత్తి గోడ వైపు చూశాడు. నోరు తెరుచుకుంది. మెల్లగా తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు, పెద్దమనిషి ఎదురైతే తీసినట్టు.

క్యాథరిన్ వెనక్కి తిరగబోయింది. ఏసమ్మ చేయి ఆమె మణికట్టు మీద పడింది. ఎండలో నడిచి వచ్చిన ఆ చేయి చల్లగా ఉంది.

"తిరక్కు," అంది ఏసమ్మ. తనూ తిరగలేదు. ఖాళీ పలక మీదే కళ్ళు పెట్టి, గొంతు పెంచి, గోడ దాకా వినిపించేలా అంది.

"లక్ష్మణుడా, ఆ వచ్చినాయన్ని అడుగు. ఎవుల సమాధి సూడ్డానికొచ్చేడో."